తలుపుకి షెరీఫ్ ఆఫీసు కాగితం అంటించి వెళ్లారు, పైన 'వారంట్' అని ఉంది. ఏం చెయ్యాలి?

కృష్ణలంక_కుర్రాడు (ఆదివారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. మేం అమెరికాలో, వర్జీనియాలో లౌడన్ కౌంటీ (మన జిల్లా లాంటిది), ఆష్‌బర్న్‌లో ఉంటాం. నెల్లాళ్లు విజయవాడలో ఉండి ఈ సాయంత్రమే తిరిగొచ్చాం. సూట్‌కేసులు దింపుతుంటే ముందు తలుపుకి టేపుతో అంటించిన కాగితం కనబడింది. పైన పెద్ద అక్షరాల్లో 'వారంట్ ఇన్ డెట్'. కింద డెప్యూటీ (షెరీఫ్ కింద పనిచేసే ఆఫీసరు) సంతకం, తేదీ, తలుపుకి అంటించాం అన్న గడిలో టిక్కు. పేరు నాదే, అడ్రసూ మాదే.

'వారంట్' అన్న మాట చూసి మా ఆవిడ అక్కడే మెట్ల మీద కూలబడింది. నేను హెచ్1బీ వీసా మీద ఉన్నాను. ఇన్నేళ్లలో ఒక్క స్పీడింగ్ టికెట్ కూడా లేదు. మళ్లీ వచ్చి నన్ను తీసుకుపోతారా? లాయర్‌ని ఇప్పుడే నిద్ర లేపాలా? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

పాతబస్తీ_చాయ్ (ఆదివారం, రాత్రి 9:52)

భయ్యా, మా దిక్కు షరీఫ్ అంటే పెద్దమనిషి. పెద్దమనిషి ఇంటికొచ్చి కాగితం పెట్టిపోతే ఇంత పరేషాన్ ఎందుకు?

సరే, జోక్ పక్కన పెడితే, ఆ కాగితం మీద కోర్టు పేరు ఏముంది? ఎవరు వేశారు? ఎంత డబ్బు? అవి చెప్పకుండా అడిగితే ఎవరేం చెప్తారు.

బేస్‌మెంట్_బాబాయ్ (ఆదివారం, రాత్రి 10:15)

తమ్ముడూ, ముందు మీ ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్లి కాస్త అన్నం తినమను. అది అరెస్టు వారంట్ కాదు.

వర్జీనియాలో బాకీ డబ్బు కోసం జనరల్ డిస్ట్రిక్ట్ కోర్టులో ఎవరైనా దావా వేస్తే, ఆ దావా ఫారం పేరే 'వారంట్ ఇన్ డెట్'. మూలన డీసీ-412 అని నంబరు ఉంటుంది చూడు. ఎప్పటి పేరో, ఎవరూ మార్చలేదు. ఎవడు పెట్టాడో గానీ ఆ పేరు చూసి మన కాలనీలో ఎంతమందికి బీపీ పెరిగిందో! 2016లో నాకూ వచ్చింది.

జరిగేది ఇంతే. బాకీ ఉందనే వాడు కోర్టులో ఫీజు కడతాడు, కాగితం చేర్చినందుకు షెరీఫ్‌కి, అంటే కౌంటీలో ఓట్లతో ఎన్నికయ్యే అధికారికి, 12 డాలర్లు కడతాడు. డెప్యూటీ ఆ కాగితాల కట్ట పట్టుకుని వీధులు తిరుగుతాడు. నువ్వుంటే నీ చేతికి ఇస్తాడు. నువ్వు లేకపోతే ఇంట్లో పదహారేళ్లు నిండిన కుటుంబ సభ్యులకి ఇవ్వొచ్చు. వాళ్లూ లేకపోతే ముందు తలుపుకి అంటించి, అంటించానని కోర్టుకి రాసిస్తాడు. నువ్వు నిజంగా బాకీ ఉన్నావా లేదా అన్నది ఆయనకి అక్కర్లేదు, అడిగినా చెప్పడు.

ఇందులో మనవాళ్లకి పనికొచ్చే ముక్క ఒకటుంది. చుట్టపుచూపుగా వచ్చి ఉన్న అతిథుల చేతికి ఇస్తే చట్టం లెక్కలో చెల్లదు. విజిటర్ వీసా మీద వచ్చిన మా మావగారు ఆ రోజు డెప్యూటీని లోపలికి పిలిచి, కాఫీ తాగుతావా అని అడిగి, కాగితం కోసం చెయ్యి చాపారు. డెప్యూటీ నవ్వి, 'మీరు ఇక్కడే ఉంటారా, చూడ్డానికి వచ్చారా' అని అడిగి, చూడ్డానికే అనేసరికి కాగితం తలుపుకే అంటించి పోయాడు. తనకి ఏదో అవమానం జరిగినట్టు మావగారు రెండ్రోజులు మాట్లాడలేదు.

కాగితం మీద 'రిటర్న్ డేట్' అని ఉంటుంది. ఆ రోజు కోర్టుకి తప్పకుండా వెళ్లు. వెళ్లకపోతే అవతలివాడు అడిగినంతా ఇచ్చెయ్యమని తీర్పు వచ్చేస్తుంది. వెళ్లి, ఈ బాకీ ఒప్పుకోను అంటే విచారణకి ఇంకో తేదీ ఇస్తారు.

కృష్ణలంక_కుర్రాడు (ఆదివారం, రాత్రి 10:41)

బాబాయ్, కాళ్లు పట్టుకుంటా. డీసీ-412 అనే ఉంది. వేసింది మా బేస్‌మెంట్ పని చేసిన కాంట్రాక్టర్, పేరు వద్దులెండి. 2,860 డాలర్లు. స్నానాల గది ఫ్లోర్ కింద నీళ్లు కారుతున్నాయని చివరి చెల్లింపు ఆపాను. బాగు చేస్తానని నాలుగు నెలలు తిప్పాడు, తర్వాత మేం ఇండియా వెళ్లాం. రిటర్న్ డేట్ వచ్చే నెల 14.

ఒక డౌటు. ఇలాంటి కాగితానికి పోలీసు ఎందుకు రావాలి? అసలు ఆష్‌బర్న్ పోలీసు స్టేషన్ ఎక్కడుంది? ఆరేళ్లుగా ఉంటున్నాను, ఒక్కసారీ చూడలేదు.

బేస్‌మెంట్_బాబాయ్ (ఆదివారం, రాత్రి 10:58)

లేనిది ఎలా కనబడుతుంది? ఆష్‌బర్న్‌కి మేయరూ లేడు, మునిసిపాలిటీ లేదు. పోస్టాఫీసు వాళ్లు రాసుకునే పేరది. లీస్‌బర్గ్, మిడిల్‌బర్గ్ లాంటి టౌన్లకి సొంత పోలీసులున్నారు. మిగతా కౌంటీ అంతా షెరీఫ్ ఆఫీసు కిందే. దొంగతనం, యాక్సిడెంటు, హైస్కూల్లో కనిపించే ఆఫీసర్, కోర్టు గుమ్మంలో మెటల్ డిటెక్టర్, జైలు, నీ తలుపు మీద కాగితం, అన్నీ ఒకే ఆఫీసు.

ఫెయిర్‌ఫాక్స్_ఫణి (సోమవారం, ఉదయం 7:20)

పక్క కౌంటీలో కథ వేరు. మా ఫెయిర్‌ఫాక్స్‌లో 1940 నుంచీ కౌంటీ పోలీసు శాఖ విడిగా ఉంది. ఎమర్జెన్సీకి 911 కొడితే వచ్చేది వాళ్లు. షెరీఫ్‌కి మిగిలినవి జైలు, కోర్టు భద్రత, కాగితాల బట్వాడా. రెండు కౌంటీల మధ్య ఒక రోడ్డు దాటితే చాలు, షెరీఫ్ అన్న మాటకి అర్థం మారిపోతుంది. ఇల్లు కొనేటప్పుడు స్కూల్ రేటింగులు పది సైట్లలో చూస్తాం గానీ ఇది ఎవరూ చూసుకోరు.

కూపర్టినో_కామయ్య (సోమవారం, ఉదయం 11:05)

కాలిఫోర్నియాలో మూడో రకం కూడా ఉంది. కూపర్టినో సిటీయే, మేయరూ ఉన్నాడు. కానీ సొంత పోలీసులు లేరు. సాంటా క్లారా కౌంటీ షెరీఫ్‌తో కాంట్రాక్టు, ఏడాదికింత అని సిటీ డబ్బు కడుతుంది. సారటోగా కూడా అంతే. అటు డబ్లిన్ వాళ్లదీ ఇదే పద్ధతి, అలమీడా కౌంటీ షెరీఫ్‌తో. ఇంకా చాలా కౌంటీల్లో శవ పంచాయతీ కూడా షెరీఫ్‌దే, అందుకే 'షెరీఫ్-కరోనర్' అని బోర్డు ఉంటుంది.

నాజరు_తాత (సోమవారం, మధ్యాహ్నం 2:30)

బాబూ, నేను మా అబ్బాయి ఇంటికి వచ్చి రెండు నెలలైంది. మునసబు కోర్టులో నాజరుగా, అంటే సమన్లు, జప్తుల పని చూసే ఉద్యోగిగా, రిటైరయ్యాను. ఈ చర్చ చదువుతుంటే మళ్లీ ఆఫీసుకి వెళ్లినట్టుంది.

నా కింద అమీనాలూ ప్రాసెస్ సర్వర్లూ ఉండేవారు. సమన్లు పట్టుకుని సైకిలు మీద ఊళ్లకి పోయేవారు. మనిషి దొరక్కపోతే తలుపుకి అంటించి, ఇల్లు చూపించినవాడి పేరు రాసుకుని, ఏ రోజు, ఏ వేళ, ఎవరి ఎదుట అంటించాడో కాగితం వెనక రాసి తెచ్చేవారు. కొందరు ప్రబుద్ధులు చెట్టు కింద కూర్చుని అన్నీ రాసుకొచ్చేవారు. నేను ఆ కాగితం వాసన చూసేవాణ్ణి. అంటించే మైదాపిండి జిగురు వాసన లేకపోతే మళ్లీ పంపేవాణ్ణి! జప్తు ఆస్తి వేలానికైతే ఊళ్లో టముకు వెయ్యాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21లో ఆ మాట ఇప్పటికీ ఉంది.

నాకు వింతగా తోచేది ఒకటే. మన జిల్లాలో ఎస్పీ వేరు, జైలు సూపరింటెండెంటు వేరు, నాజరు వేరు. ఒకరి గుమ్మం ఒకరు తొక్కేవాళ్లం కాదు. ఇక్కడ ఆ ముగ్గురి తాళాలూ ఒకే గుత్తికి వేసి ఒకడి మొలకి కట్టారు. పైగా వాణ్ణి ఓట్లేసి ఎన్నుకుంటారట! మా కోర్టులో నాజరు పదవికి ఎన్నికలు పెట్టి ఉంటే నాకు డిపాజిట్టు దక్కేది కాదు.

శ్రావణి_ఎడిసన్ (సోమవారం, మధ్యాహ్నం 3:10)

తాతగారూ, టముకు అన్నారు కదా, మా న్యూజెర్సీలో షెరీఫ్ సేల్ అదే. బ్యాంకు లోను కట్టక ఫోర్‌క్లోజ్ అయిన ఇళ్లని కౌంటీ షెరీఫే వేలం వేస్తాడు. మావారు 'చవగ్గా వస్తుంది' అని ఒకసారి సరదా పడ్డారు. పాట గెలిస్తే మామూలుగా అక్కడికక్కడే 20 శాతం కట్టాలి. ఇల్లు లోపల చూడనివ్వరు. లోపల ఎవరైనా కాపురం ఉంటే వాళ్లని ఖాళీ చేయించుకునే తిప్పలు కొన్నవాళ్లవే. ఆ మాట తెలిశాక సరదా దిగిపోయింది.

అన్నట్టు ఎడిసన్‌కి సొంత పోలీసులున్నారు కాబట్టి షెరీఫ్‌ని మేం చూసేది కోర్టులోనే.

రెంటల్_రాజు (సోమవారం, సాయంత్రం 6:44)

టెక్సాస్‌లో ఇంకో మెలిక. ఇక్కడ షెరీఫే కాకుండా ప్రిసింక్టుకో (కౌంటీలో ఒక భాగం) కానిస్టేబుల్ ఉంటాడు. మన కానిస్టేబుల్ కాదు, ఈయన కూడా ఎన్నికైనవాడే. అద్దెవాళ్లని ఖాళీ చేయించే కాగితాలు ఎక్కువగా వీళ్ల చేతిమీదుగానే నడుస్తాయి.

నాకు హ్యూస్టన్ దగ్గర కేటీ అనే ఊరి వైపు ఒక అద్దె ఇల్లుంది. మూడు నెలలు అద్దె ఇవ్వకపోతే జస్టిస్ కోర్టుకి వెళ్లాను. తీర్పు వచ్చినా నేను తాళం మార్చకూడదు. రిట్, అంటే ఖాళీ చేయించమనే కోర్టు ఆర్డరు, తెచ్చుకోవాలి. ముందురోజు తలుపు మీద హెచ్చరిక అంటించాలి, కనీసం 24 గంటలు టైమివ్వాలి. తర్వాత రోజు డెప్యూటీ కానిస్టేబుల్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, సామాన్లు మోసే మనుషుల్ని నేను పెట్టుకోవాలి. సగం సామాను బయటికొచ్చాక చినుకులు మొదలయ్యాయి. ఆయన వెంటనే చెయ్యెత్తి ఆపేశాడు. వానలో, మంచులో సామాను బయటపెట్టకూడదని చట్టంలోనే రాసుంది. గంటన్నర అందరం గరాజ్‌లో నిలబడ్డాం. నేను, డెప్యూటీ, నాకు అద్దె ఎగ్గొట్టినాయన. ముగ్గురం వాన గురించే మాట్లాడుకున్నాం, ఇంకేం మాట్లాడతాం.

కామన్‌సెన్స్_కుమార్ (సోమవారం, రాత్రి 8:02)

అందరూ షెరీఫ్‌ని పోస్ట్‌మ్యాన్‌లా చెబుతున్నారు. జైలు తాళాలు ఆయన చేతిలో ఉన్నాయని మరిచిపోకండి. 1996లో వచ్చిన 287(జి) సెక్షన్ కింద, తన మనుషులు ఇమిగ్రేషన్ పని కూడా చేసేలా ఇమిగ్రేషన్ వాళ్లతో ఒప్పందం చేసుకోవాలా వద్దా అన్నది చాలా చోట్ల షెరీఫ్ ఇష్టం. మన వీసావాళ్లకి ఓటు లేదు, కానీ ఆ నిర్ణయం తగిలేది మనకే. పైగా ఎన్నికైనవాడు కాబట్టి మామూలుగా కౌంటీ బోర్డు ఆయన్ని తీసెయ్యలేదు. బడ్జెట్ దగ్గర పేచీ పెట్టడం తప్ప వాళ్లేం చెయ్యగలరు?

కార్మెల్_కల్యాణి (సోమవారం, రాత్రి 8:20)

మా ఇండియానాలో ఒక విచిత్రం. షెరీఫ్ మీదే వారంట్ వస్తే ఆయన్ని అరెస్ట్ చేసే పని కరోనర్‌ది. అంటే శవాలకి పంచనామా చేసే అధికారి. ఈ రూలు పెట్టినవాడికి హాస్యం బాగా తెలుసు.

హ్యూస్టన్_నర్సమ్మ (సోమవారం, రాత్రి 11:30)

ఇప్పుడే డ్యూటీ దిగాను. జైలు మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా. టెక్సాస్‌లో ఒక కౌంటీ జైల్లో ఆరేళ్లు నర్సుగా చేశాను, ఏ కౌంటీ అన్నది వద్దు. ఇప్పుడు ఆస్పత్రిలో ఉన్నాను.

జైలంటే శిక్ష పడ్డవాళ్లే ఉంటారనుకునేదాన్ని. లోపలున్నవాళ్లలో ఎక్కువమంది కేసు ఇంకా తేలనివాళ్లే. బెయిలు కట్టలేక, తేదీ కోసం ఎదురుచూస్తూ ఉంటారు. షెరీఫ్ ఆఫీసు అంటే బయట తిరిగే కార్లే మనకి కనిపిస్తాయి గానీ, మా దగ్గర మనుషులు ఎక్కువ పనిచేసేది ఈ గోడల లోపలే. ఆదివారం లేదు, పండగ లేదు. తలలు లెక్కపెట్టడం, భోజనం, మందులు, కోర్టుకి తీసుకెళ్లడం, మళ్లీ తలలు లెక్కపెట్టడం.

నాది మందుల బండి. ఒక్కొక్కరికీ చిన్న కాగితం కప్పులో మాత్ర, ఇంకో కప్పులో నీళ్లు. మింగాక నోరు తెరిపించి, నాలుక పైకెత్తించి చూడాలి. మా చిన్నాడికి జ్వరం మందు వేసినప్పుడు కూడా అలవాటుగా 'నాలుక ఎత్తు' అంటాను. కొత్తగా లోపలికి వచ్చేవాళ్లని అడగాల్సిన ప్రశ్నలు ఇంకో పెద్ద పని. షుగరుందా, తాగుడు మానితే వణుకొస్తుందా, చచ్చిపోవాలని అనిపిస్తోందా. 2015లో వాలర్ కౌంటీ జైల్లో ఉన్న సాండ్రా బ్లాండ్ అనే ఆవిడ లోపలే చనిపోయాక, 2017లో ఆమె పేరుతోనే ఇక్కడ చట్టం వచ్చింది. అప్పట్నుంచీ ఆ ప్రశ్నల్ని ఎవరూ తేలిగ్గా తీసుకోరు.

మనవాళ్లూ వచ్చేవారు. ఒక రాత్రి ఒక కుర్రాడు, మాస్టర్స్ చదువుతున్నాడు, తాగి కారు నడిపిన కేసు. నా బ్యాడ్జి మీద పేరు చదివి 'అక్కా, మీరు తెలుగా' అని ఏడ్చేశాడు. నియమం ప్రకారం నేను సొంత మాటలు మాట్లాడకూడదు. 'ప్రశ్నలకి జవాబు చెప్పు నాన్నా' అని మాత్రం అన్నా. వాడి కష్టం ఏంటంటే, ఫోన్ తీసుకుని సంచిలో వేసి సీల్ చేశారు. గోడకున్న ఫోన్ వాడుకోమన్నారు. రూమ్మేట్లు ముగ్గురిలో ఒక్కడి నంబరూ గుర్తు లేదు. గుర్తున్నది గుంటూరులో వాళ్లమ్మ నంబరొక్కటే. ఆ ఫోన్ నుంచి ఇండియాకి వెళ్లదు. పొద్దున బ్రెడ్డు మధ్యలో మాంసం ముక్క తీసి పక్కనపెట్టి ఉత్త బ్రెడ్డు తిన్నాడు. ఇక్కడ 48 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. వాణ్ణి మర్నాడే పెట్టారు, తర్వాత ఎవరో స్నేహితుడు వచ్చి బాండ్ కట్టాడు.

అందుకే చెబుతున్నా, ఇక్కడున్న రెండు నంబర్లు బట్టీ పట్టండి. విదేశీయుల్ని పట్టుకుంటే, కాన్సులేట్‌కి చెప్పమంటారా అని అడగాలి. అడిగితే అవునో కాదో మీ ఇష్టం. ఆ గోడ ఫోన్‌లో మాట్లాడేదంతా రికార్డవుతుంది, కాబట్టి కేసు గురించి అందులో ఒక్క ముక్క కూడా వద్దు.

పాతబస్తీ_చాయ్ (సోమవారం, రాత్రి 11:48)

అక్కా, ఇప్పుడు కూర్చుని మా తమ్ముడి నంబరు బట్టీ పడుతున్నా. మూడుసార్లు తప్పు చెప్పిన.

సౌత్‌ఫోర్‌సైత్_సుధ (మంగళవారం, ఉదయం 9:15)

అంత భయంకరమైనవే కాదండీ. జార్జియాలో మా ఫోర్‌సైత్ కౌంటీలో కూడా పోలీసంటే షెరీఫే. మేం కెనడా పీఆర్‌కి అప్లై చేసినప్పుడు ఎఫ్‌బీఐ క్లియరెన్స్‌కి వేలిముద్రలు కావాల్సి వచ్చి ఒక షెరీఫ్ ఆఫీసుకి వెళ్లాం. ఎఫ్‌డీ-258 కార్డు, పది వేళ్లు, గోరు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా దొర్లించాలి. నేనేమో సాయం చేద్దామని వేలు నేనే తిప్పేస్తున్నా. ముద్రలు వేయించే ఆవిడ నా మణికట్టు పట్టుకుని 'చెయ్యి నాకొదిలెయ్, నువ్వు గోడ కేసి చూడు' అంది. గిన్నెలు తోమి తోమి నా బొటనవేలి గీతలు అరిగిపోయాయట. కాస్త లోషన్ రాసి, తుడిచి, మళ్లీ వేయించింది. మావారి వేళ్లు మాత్రం మొదటిసారికే అచ్చుగుద్దినట్టు వచ్చాయి. ఇంట్లో గిన్నెలు ఎవరు తోముతున్నారో సాక్ష్యం దొరికిందని ఆ రోజంతా దెప్పాను.

ఇంకోటి, ఇండియా వెళ్లేముందు చాలా కౌంటీల్లో ఇల్లు చూసిపెట్టమని షెరీఫ్ ఆఫీసుకి చెప్పుకోవచ్చు. తేదీలు, వాకిట్లో ఏ కారు ఉంటుంది, తాళం ఎవరి దగ్గరుంది అని రాసిస్తే, వీలు దొరికినప్పుడు డెప్యూటీ చుట్టూ తిరిగి తలుపులు లాగి చూస్తాడు. డబ్బేం తీసుకోరు.

బేస్‌మెంట్_బాబాయ్ (మంగళవారం, మధ్యాహ్నం 12:40)

సుధ గారు చెప్పింది నిజం. నేనొకసారి డెప్యూటీ పక్క సీట్లో కూర్చుని ఒక షిఫ్ట్ చూశాను, దరఖాస్తు పెట్టుకుంటే కొన్నిచోట్ల ఒప్పుకుంటారు. ఆరు గంటలు. రోడ్డు పక్కన జింకని గుద్దిన కారు ఒకటి. రెండు ఉత్తుత్తి అలారాలు. అందులో ఒకటి మనవాళ్ల గృహప్రవేశం, హోమం పొగ. డెప్యూటీ బూట్లు విప్పాలా అని అడిగాడు పాపం. పంతులుగారు 'విప్పక్కర్లేదు, లోపలికి రాకపోతే చాలు' అన్నారు. మిగతా టైమంతా కారులో లాప్‌టాప్ మీద రిపోర్టులు. ఆ ఆరు గంటల్లో ఆయన చెయ్యి తుపాకీ మీద పడలేదు, లాప్‌టాప్ మీద నుంచి లేవలేదు. వర్జీనియా కౌంటీల్లో మళ్లీ షెరీఫ్ ఎన్నికలు 2027లో. ఓటున్నవాళ్లు ఈసారైనా బ్యాలెట్‌లో షెరీఫ్ పేర్లున్న చోటు దాకా చదవండి. 2023లో నేను ఎవరికి వేశానో నాకే గుర్తులేదు.

మోడరేటర్ (మంగళవారం, సాయంత్రం 5:00)

287(జి) మీద మొదలైన ముప్పై పోస్టులు వేరే చర్చకి మార్చాను. ఇక్కడ అసలు ప్రశ్నకి సంబంధించినవే రాయండి.

కృష్ణలంక_కుర్రాడు (మూడు వారాల తర్వాత, బుధవారం రాత్రి)

ఈ రోజే కోర్టు. లీస్‌బర్గ్ వెళ్లొచ్చాను. గుమ్మంలో ఇద్దరు డెప్యూటీలు, ట్రేలో బెల్టు, తాళాలు, పర్సు. నా బ్యాగులో మా ఆవిడ పెట్టిన స్టీలు డబ్బా తెరిచి చూపించమన్నారు. పులిహోర. ఒకాయన వంగి వాసన చూసి, ఎందుకో తల ఊపి పంపాడు.

కోర్టు హాల్లో నూటికి తొంభై మంది నాలాంటివాళ్లే. అద్దె బాకీ, క్రెడిట్ కార్డు బాకీ. పేరు పిలవడం, అవును కాదు అనడం, తేదీ తీసుకోవడం. నా వంతు రాగానే ఒప్పుకోనన్నాను, మార్చిలో విచారణ ఇచ్చారు. మొత్తం రెండు నిమిషాలు. దానికి నేను మూడు వారాలు నిద్ర పోలేదు. బయటికొచ్చాక కాంట్రాక్టరే వరండాలో పలకరించాడు. ఫ్లోర్ పగలగొట్టి బాగుచేస్తే సగం ఇస్తానన్నాను. శనివారం వచ్చి చూస్తానన్నాడు. నమ్మకం లేదు, మార్చి తేదీ అలాగే ఉంచాను.

మీ అందరికీ చాలా థాంక్స్. చివరిగా ఒక్క ప్రశ్న. తలుపు మీద ఆ టేపు జిగురు మరక అలాగే ఉండిపోయింది. వచ్చిన ప్రతివాళ్లూ అదేంటని అడుగుతున్నారు. ఎలా పోతుంది?

నాజరు_తాత (బుధవారం, రాత్రి 10:20)

కొబ్బరినూనె రాసి పది నిమిషాలు ఉంచి, పాత నూలుగుడ్డతో తుడువు బాబూ. మైదాపిండి అయితే తడిగుడ్డకే పోయేది.